మీట నొక్కితే తెరిచే గేట్లు - కరెంటు పోతే మాటేమిటి?

తిరుపతి: ఇల్లు కడుతున్నవారికి ఈమధ్య ఒక కొత్త ముచ్చట పట్టుకుంది. ఇంటి ముందు ఇనుప గేటుకో, కారుషెడ్డు షట్టరుకో మోటారు బిగించుకోవడం. కారులో కూర్చునే చేతిలోని చిన్న మీట నొక్కితే గేటు తనంతట తానే పక్కకు జరుగుతుంది. బండి లోపలికి పోగానే మూసుకుంటుంది. ఒకప్పుడు పెద్ద హోటళ్ల వద్దా, ఫ్యాక్టరీల వద్దా మాత్రమే కనిపించిన ఈ ఏర్పాటు నేడు తిరుపతిలో పద్మావతీపురం, తిరుచానూరు రోడ్డు వైపు వీధులలోనూ, చిత్తూరులో మిట్టూరు, గ్రీమ్స్‌పేట వైపునా మామూలు ఉద్యోగస్థుల ఇళ్లకు కూడా వస్తున్నది. గృహప్రవేశానికి వెళ్లినవారిని ఇంటాయన గేటు దగ్గరే నిలబెట్టి, రెండుసార్లు తెరిచి మూసి చూపించాకగానీ లోపలికి పిలవడం లేదు.

ఇది తప్పని ఎవరూ అనరు. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన జోరువానలో కారు దిగి బరువైన గేటు నెట్టడం కష్టమే. రాత్రి డ్యూటీ ముగించుకుని ఒంటరిగా ఇల్లు చేరే ఆసుపత్రి నర్సు, చీకట్లో బండి దిగి బీగం వెతుక్కోకుండా నేరుగా లోపలికి పోగలగడం మంచిదే. అయితే కొనేవారు ఒక్కటే చూస్తున్నారు. గేటు ఎంత సొగసుగా, ఎంత చప్పుడు లేకుండా తెరుచుకుంటున్నది అని. అంగడివాడు కూడా అదే చూపిస్తాడు.

అడగవలసినవి వేరే మూడు వున్నాయి. కరెంటు లేనప్పుడు చేత్తో తెరవగలమా? మనిషి అడ్డం వస్తే ఆగుతుందా? మన చేతిలోని మీట చేసే పనిని పరాయివాడు చేయగలడా? ఈ మూడింటికి సరైన జవాబు లేని మోటారును ఎంత చవకగా ఇచ్చినా కొనరాదనీ, జవాబు వుంటే అది ఏ కంపెనీదైనా ఫరవాలేదనీ ఈ విలేకరి అభిప్రాయం.

ఇరవై నిమిషాలు

ఈ అభిప్రాయం ఏర్పడడానికి కారణం వుంది. రెండేళ్ల కిందట కార్తీకమాసంలో ఒక రాత్రి తిరుపతిలోని మా అక్కగారి ఇంట్లో వున్నాను. సాయంత్రం నుంచి వాన. పదకొండు గంటలకు కరెంటు పోయింది. పన్నెండు దాటాక మా అక్కగారి అత్తకు ఆయాసం ఎక్కువైంది. ఆమెకు డెబ్బయి ఆరేళ్లు. మా బావ కారు తీసి, ఆమెను వెనుక సీటులో కూర్చోబెట్టి గేటు మీట నొక్కారు. గేటు కదల్లేదు. మళ్లీ నొక్కారు. కరెంటు లేదన్న సంగతి ఆ కంగారులో ఎవరికీ తట్టలేదు.

తట్టిన తర్వాత ఇద్దరం దిగి గేటును పట్టి నెట్టాము. మోటారు పళ్ల చక్రం గేటు కింది పళ్ల పట్టీని పట్టుకుని వుంది గనుక అంగుళం కూడా జరగలేదు. చివరకు పక్కనున్న చిన్న గేటులోంచి ఆమెను కుర్చీతో సహా మోసుకుని, గొడుగు పట్టి, వీధి చివరిదాకా నడిచి ఆటో ఎక్కించాము. "నన్ను దించండి నాయనా, నేనే నడుస్తాను" అని ఆమె అంటూనే వుంది. ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. దేవుడి దయవల్ల ఆమె కోలుకుని ఇంటికి వచ్చింది.

మర్నాడు మోటారు బిగించిన కుర్రవాడు వచ్చాడు. మోటారు పెట్టె పక్కన ఒక చిన్న మూత జరిపి, అందులో చిటికెనవేలంత బీగంచెవి పెట్టి తిప్పి, ఒంటిచేత్తో గేటును నెట్టాడు. అది జారుకుంటూ పోయింది. "ఈ బీగంచెవి ఆ పొద్దే ఇచ్చిపోయినాం కద సార్, ఎవురూ చూళ్లేదా?" అన్నాడు. చూడలేదు. అది గ్యారంటీ కార్డుతోపాటు ప్లాస్టిక్ కవరులో, బీరువా అడుగు అరలో, మూతి అంటించినది అంటించినట్టే వుంది. లోపలి పుస్తకం మొత్తం ఇంగ్లీషులో వుంది. ఇచ్చినవాడు చెప్పలేదు. పుచ్చుకున్నవారు అడగలేదు.

ఆ మోటారులో లోపమేమీ లేదు. దాన్ని ఎన్నుకున్న తీరులో, అప్పగించిన తీరులో లోపం వుంది. కాబట్టే ఇది నలుగురికీ చెప్పవలసిన విషయమని తోచింది.

ముందు గేటు, తర్వాత మోటారు

మోటారు కొనబోయే ముందు చేయవలసిన పరీక్షకు పైసా ఖర్చు లేదు. గేటును ఒంటిచేత్తో నెట్టి చూడాలి. మధ్యలో పట్టేసినా, చక్రం కీచుమన్నా, పట్టాలో మట్టి పేరుకున్నా ముందు వెల్డింగు అంగడికి పోయి దాన్ని బాగుచేయించాలి. పాడైన గేటుకు మోటారు మందు కాదు. నలుగురు నెట్టవలసిన గేటును ఒక మోటారుకు అప్పగిస్తే మొదట దాని పళ్లు అరుగుతాయి. తర్వాత చుట్ట కాలుతుంది.

మన ఇళ్లలో వుండేవి ముఖ్యంగా మూడు రకాలు. పట్టా మీద పక్కకు జరిగే గేటు, రెండు రెక్కలుగా తెరుచుకునే గేటు, పైకి చుట్టుకునే షట్టరు. మూడింటికీ మోటార్లు వేరు. జరిగే గేటుకు పళ్ల పట్టీ, పళ్ల చక్రం. రెక్కల గేటుకు రెక్కకొక చేయి. షట్టరుకు పక్కన గొలుసుతో తిప్పే మోటారు కానీ, చిన్న షట్టరయితే పైనున్న గొట్టంలోనే ఇమిడే మోటారు కానీ వాడతారు. అమెరికాలో వున్న బంధువు పంపాడనో, ఇంటర్నెట్టులో చవకగా వచ్చిందనో ఆ దేశపు యంత్రాన్ని తెప్పించుకుంటే ఇక్కడ పనికిరాదు. అక్కడి కారుషెడ్డు తలుపు పలకలు పలకలుగా వుండి పైకప్పు కింద అడ్డంగా పడుకుంటుంది. ఆ యంత్రం కప్పుకు వేలాడుతూ ఆ తలుపును లాగడానికి చేసినది. మన చుట్టుడు షట్టరుకు అది అతకదు.

బరువు సంగతి కూడా తెలుసుకోవాలి. చేత్తో ఎత్తే షట్టరు తేలికగా లేస్తున్నదంటే దాని బరువు తక్కువని కాదు. పైన గొట్టంలో వున్న స్ప్రింగులు ఆ బరువులో చాలా భాగం మోస్తున్నాయి. మోటారు పెట్టేటప్పుడు ఆ స్ప్రింగులు వుంచుతారా, తీసేస్తారా అనేదాన్ని బట్టి మోటారు మోయవలసిన బరువు మారుతుంది. "పది అడుగుల షట్టరు సార్, ఈ మోటారు లాగేస్తుంది" అనే మాట చాలదు. షట్టరు ఎన్ని కిలోలు, మోటారు ఎన్ని కిలోలకు అని రసీదు మీద రాయించుకోవాలి. లోహపు షట్టర్లకు భారత ప్రమాణాల సంస్థ ఏనాడో ఐ.ఎస్. 6248 అనే ప్రమాణాన్ని విడుదల చేసింది. చేయించేటప్పుడు దాని పేరు ఎత్తితే, తనకు పని తెలిసినదీ లేనిదీ ఎదుటివాడి ముఖంలోనే కనిపిస్తుంది.

కరెంటు పోతే

గాలివానకు చెట్టు కొమ్మ విరిగి తీగ మీద పడితే కరెంటు తీయక తప్పదు. అందులో ఎవరి తప్పూ లేదు. లైనుమెన్ ప్రాణం, దారినపోయేవాడి ప్రాణం దానిమీద ఆధారపడి వుంటాయి. ఇంటివారు చేయవలసిందల్లా, ఆ సమయంలో గేటు తెరిచే దారిని ముందే చూసుకోవడం.

దారులు రెండు. ఒకటి, మోటారును గేటు నుంచి విడదీసే బీగంచెవి. షట్టరయితే చేత్తో లాగే గొలుసో, తిప్పే హ్యాండిలో వుండాలి. ఇది లేని మోటారును ముట్టుకోనేరాదు. ఇంట్లోకి పోయే దారి ఆ షట్టరు ఒక్కటే అయితే బయటినుంచి కూడా విడదీసే ఏర్పాటు తప్పనిసరి. రెండవది, బ్యాటరీ. 24 ఓల్టుల డి.సి. మోటార్లకు చిన్న బ్యాటరీ జత చేస్తే కరెంటు లేకున్నా కొన్నిసార్లు తెరిచి మూస్తాయి. మామూలు ఎ.సి. మోటారును ఇంటి ఇన్వర్టరుకు తగిలించవచ్చునని కొందరు అంటారు. మోటారు మొదలయ్యే క్షణంలో నడిచేటప్పటికంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది గనుక, ఎలక్ట్రీషియనుకు చూపించకుండా ఆ పని చేయరాదు. తిరుపతి పక్కనే కరకంబాడిలో దేశమంతటికీ పోయే బ్యాటరీలు తయారవుతున్నాయి. ఆ ఊరి పొరుగున వుండి, బ్యాటరీ లేక గేటు ముందు నిలబడిపోవడం మనకు శోభించదు.

ఈ అవస్థ మనకొక్కరికే వచ్చింది కాదు. 2017లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కార్చిచ్చు రేగినప్పుడు కరెంటు పోయి, కారుషెడ్డు తలుపులు తెరుచుకోక కొందరు తప్పించుకోవడానికి నానా అగచాట్లు పడ్డారు. ఆ రాష్ట్రం 2018లో చట్టం చేసింది. 2019 జూలై 1 నుంచి అక్కడ ఇళ్లకు అమ్మే తలుపు మోటారుకు బ్యాటరీ వుండి తీరాలి. వారు అంత నష్టం తర్వాత తెలుసుకున్నదాన్ని మనం ముందే తెలుసుకోవచ్చు.

కరెంటు బిల్లు గురించి భయపడేవారికి ఒక లెక్క. అర హార్స్‌పవరు మోటారు అంటే సుమారు 373 వాట్లు. ఒక్కోసారి 20 సెకన్లు, రోజుకు ఆరుసార్లు నడిస్తే నెలకు ఒక గంట. అయ్యేది అర యూనిట్టు కూడా లేదు. అయితే మీట నుంచి వచ్చే సంకేతం కోసం లోపలి పెట్టె రాత్రింబవళ్లు మేలుకుని వుంటుంది. అది 5 వాట్లు తీసుకుంటే నెలకు 3.6 యూనిట్లు. తిరిగే ఖర్చుకంటే కాపలా ఖర్చు దాదాపు పదింతలు. కొనేటప్పుడు ఈ రెండో అంకె కూడా అడగడం మంచిది.

అడ్డం వస్తే

అన్నింటికంటే ముఖ్యమైనది ఇది. మనిషి గేటు మూస్తే ఎదురుగా వున్నది కంటికి కనిపిస్తుంది. మోటారుకు కళ్లు లేవు, మనం పెడితే తప్ప.

మన వాకిళ్ల సంగతి తలుచుకోండి. తెల్లవారుజామున ఇల్లాలు గేటు ముందు వంగి ముగ్గు వేస్తూ వుంటుంది. పాలవాడు గేటు సందులో చేయిపెట్టి ప్యాకెట్టు అందిస్తాడు. పిల్లలు గేటు మీద ఎక్కి వూగుతారు. షట్టరు లేస్తూ వుంటే దాని అంచు పట్టుకుని వేలాడడం వారికి ఆట. ఇంటాయన మేడమీద నుంచి కిందికి చూడకుండానే మీట నొక్కితే ఏమవుతుంది?

అమెరికాలో చిన్నపిల్లలు ఇలాంటి తలుపుల కింద ఇరుక్కుని చనిపోయిన తర్వాత 1990లో చట్టం వచ్చింది. 1993 జనవరి 1 నుంచి తయారైన ప్రతి ఇంటి తలుపు మోటారుకు, దిగుతున్న తలుపు అడ్డు తగిలితే రెండు సెకన్లలో వెనక్కు లేచే గుణం వుండాలన్నారు. దానికి తోడు, కిరణపు కన్నువంటి మరో రక్షణ కూడా వుండాలన్నారు. ఆ కన్నును నేల నుంచి ఆరు అంగుళాలకు మించని ఎత్తులో పెడతారు. పాకే పిల్లవాడు కూడా దానికి కనిపించాలి గదా.

మనం కొనేటప్పుడు ఇవే అడగాలి. కిరణపు కన్ను వేరే డబ్బులకు ఇచ్చే అలంకారమని అంగడివాడు అంటే నమ్మరాదు. కారుకు బ్రేకు ఎలాంటిదో గేటుకు ఇది అలాంటిది. బిగించిన తర్వాత అతని ఎదుటే అట్టపెట్టెను దారిలో పెట్టి గేటు మూయించి చూడాలి. షట్టరు కింద చెక్కపీట పెట్టి చూడాలి. ఆగి వెనక్కు పోతే డబ్బులివ్వాలి. పీటను నొక్కుతూనే వుంటే ఇవ్వరాదు. తర్వాత కూడా నెలకొకసారి ఈ పరీక్ష చేస్తూ వుండాలి. వాకిట్లో ముగ్గు వేసే వేళ ఆ కన్ను మీది దుమ్మును, సాలెగూడును కూడా తుడవడం అలవాటు చేసుకోవాలి.

కన్ను పెట్టించడానికి వీలుకాని షట్టరయితే దానికి మీట వద్దు. గోడ మీద, షట్టరు స్పష్టంగా కనిపించే చోట, నొక్కి పట్టుకున్నంతసేపే నడిచే స్విచ్చి పెట్టించుకోవాలి. చేయి తీస్తే ఆగిపోతుంది. కొంత సుఖం తగ్గినా పిల్లలకు భయం వుండదు.

పక్కకు జరిగే గేటు విషయంలో ఇంకొక జాగ్రత్త. పట్టా రెండు చివరలా గట్టి ఇనుప అడ్డు వుండాలి. మోటారు ఆపుతుందిలే అని దాన్ని పెట్టించకపోతే, ఏదో ఒకరోజు మోటారు ఆగక గేటు పట్టా దాటి మనిషి మీద పడుతుంది. వందల కిలోల ఇనుము అది. రెక్కల గేటు లోపలికే తెరుచుకోవాలి. రోడ్డు మీదికి తెరుచుకుంటే దారినపోయే సైకిలువాడికి ముప్పు.

మీట పరాయిచేతికి పోతే

బీగం పోతే మార్పించుకుంటాం. మీట సంకేతం పోయిందో లేదో కంటికి కనబడదు. చవకరకం మీటలు ఎప్పుడూ ఒకే సంకేతాన్ని పంపుతాయి. దాన్ని పక్కనుండి పట్టుకుని మళ్లీ పంపితే గేటు తెరుచుకుంటుంది. 2015లో సామీ కామ్‌కర్ అనే అమెరికా నిపుణుడు పిల్లల ఆటబొమ్మ ఒకదాన్ని కొద్దిగా మార్చి, ఇలాంటి పాతరకం తలుపులను పది సెకన్లలోపే తెరవవచ్చునని చూపించాడు. నొక్కిన ప్రతిసారీ సంకేతం మారే రకం మీటలు వున్నాయి. దాన్ని రోలింగ్ కోడ్ అంటారు. అదే కావాలని అడగాలి. అంగడిలో ఐదు నిమిషాలలో నకలు మీట చేసి ఇస్తామంటే సంబరపడరాదు. మనకు చేసి ఇచ్చినవాడు మరొకరికీ చేసి ఇవ్వగలడు.

మీట పోగొట్టుకున్న రోజున దాన్ని మోటారు జ్ఞాపకంలోంచి తీసివేయించాలి. పనివాళ్లను మాన్పించినప్పుడు, ఇల్లు అద్దెకిచ్చి ఖాళీ చేయించినప్పుడు కూడా ఇదే చేయాలి. కారును మెకానిక్కుకు ఇచ్చేటప్పుడు మీటను అందులో వదిలిపెట్టరాదు. ఎన్ని మీటలున్నా ఇంటి తలుపుకు మామూలు బీగం మానరాదు.

వాన, చీమ, ఎర్తు

2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఎవరూ మరచిపోలేదు. నేలకు ఆనించి పెట్టిన మోటారు అటువంటి రోజున నీళ్లలో మునుగుతుంది. కనుక సిమెంటు దిమ్మె కట్టి, మీ వీధిలో ఆనాడు నీళ్లు నిలిచిన ఎత్తును గుర్తుచేసుకుని, వీలైనంత వరకు దానికి పైన బిగించాలి. తీగలు పోయే రంధ్రాన్ని గట్టిగా మూయించాలి. చీమలు, బల్లులు దూరి లోపలి బోర్డును పాడుచేయడం మెకానిక్కులందరికీ తెలిసినదే. గేటు ఇనుముది, వానలో తడిసేది, అందరూ తాకేది. అందుచేత ఎర్తు లేకుండా, లీకేజీ వస్తే కరెంటు కోసేసే స్విచ్చి లేకుండా ఈ మోటారుకు కనెక్షను ఇవ్వరాదు. ఇందులో మిగుల్చుకునే రూపాయి నిజంగా ప్రాణాంతకమైన రూపాయి.

బీగం ఎవరి దగ్గర?

తిరుమలలో సుప్రభాతవేళ బంగారువాకిలి తెరవడానికి సన్నిధిగొల్ల దివిటీతో ముందు నడుస్తాడు. అర్చకులు బీగాలు, కుంచెకోల తీసుకుని వస్తారు. వాకిలి తెరిచే పని ఎవరిదో, బీగం ఎక్కడుంటుందో అక్కడ అందరికీ తెలుసు. ఎంతమంది భక్తులు వచ్చినా, ఎన్ని కొత్త ఏర్పాట్లు జరిగినా ఆ క్రమం మారలేదు. మన ఇంటి వాకిలికి కూడా అంతమాత్రపు క్రమం అవసరం. మోటారును విడదీసే బీగంచెవి మేకుకు తగిలించి వుండాలి. ఇంట్లోని ఆడవారికీ, పెద్దవారికీ, బడికి పోయే పిల్లలకూ దాన్ని తిప్పడం తెలిసి వుండాలి. రెండవది పొరుగింట నమ్మకస్థుల దగ్గర వుంటే ఇంకా మంచిది.

ఇక చేయవలసినవి కొన్ని వున్నాయి. మోటార్లు అమ్మేవారు తెలుగులో ఒక్క కాగితం ముద్రించి ఇవ్వాలి. "కరెంటు పోతే ఇలా తెరవండి" అని బొమ్మతో సహా పెట్టె మీద అంటించాలి. బిగించిన రోజున ఇంటివారందరి చేతా ఒకసారి చేత్తో తెరిపించి గానీ పోరాదు. ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకునే పిల్లలకు ఈ మోటార్ల పని, ముఖ్యంగా రక్షణ పరీక్షలు నేర్పితే వారికి జీవనోపాధి, మనకు నమ్మకమైన పనివాళ్లు దొరుకుతారు. ఇళ్ల ప్లాన్లు మంజూరు చేసే అధికారులు, మోటారు గేటు పెట్టుకునే ఇంటికి మనిషి పోయే చిన్న గేటు వేరుగా వుండాలన్న షరతు పెట్టే విషయం ఆలోచించాలి. ఆ రాత్రి మా వాళ్ల ఇంటికి ఆ చిన్న గేటు కూడా లేకపోయివుంటే ఏమై వుండేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఇప్పటికే మోటారు పెట్టించుకున్నవారికి ఒక మనవి. ఈ పత్రిక మడిచి పక్కన పెట్టగానే వెళ్లి గేటు మోటారు స్విచ్చి ఆపండి. ఆపి, గేటు తెరవడానికి ప్రయత్నించండి. ఎంతసేపు పట్టిందో గడియారం చూసుకోండి. ఆ జవాబు ఈ సాయంత్రమే తెలుసుకోవడం మేలు.